మేస్త్రి కట్టిన సినిమా హాలు

వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవారు. నిజానికి ఆయన పుట్టి బుద్ధెరిగాక తాపీ ముట్టుకున్న పాపాన పోలేదు. కళ్ళజోళ్ళ షాపులో వెనకగది ఆయనది. డాక్టరు రాసిచ్చిన నంబరు చూసుకుని అద్దాలు అరగదీసి, అంచులు నున్నచేసి, ఫ్రేములో బిగించి ముందుగదికి పంపడం ఆయన పని. మేస్త్రి అన్న పేరు రావడానికి కారణం వేరే ఉంది. ఒకసారి పాతసామాన్ల కొట్లో, పిల్లలు ఒకదానిమీద ఒకటి నొక్కి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు గోనెసంచి నిండా కనబడ్డాయి. ఏం బుద్ధి పుట్టిందో, ఆ సంచి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. నలభై దాటిన మనిషి. ఇంట్లో పిల్లలు లేరు.

"ఎవరికండీ ఇవి?" అంది భార్య గుమ్మంలోనే.

"నాకే."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. లోపల్నించి ఆవిడ తమ్ముడు మాత్రం పకపకా నవ్వాడు. "పోనీలే అక్కా, సొంతిల్లు కట్టమని ఇన్నేళ్ళుగా పోరుతున్నావుగా! బావ ఇవాళే మొదలెట్టాడు."

తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆ తమ్ముణ్ణి అక్కే పెంచింది. ఆవిడకి పెళ్ళయినా అతను కొంగు వదల్లేదు, వెంటే వచ్చేశాడు. ఒక ఫొటో స్టూడియోలో పని. పొద్దస్తమానం "గడ్డం కొంచెం పైకి, కళ్ళు ఆర్పకండి" అంటూ పాస్‌పోర్టు ఫొటోలు తీసి తీసి, మొహాలంటేనే విరక్తి పుట్టి ఇంటికొచ్చేవాడు.

మేస్త్రి మొదట కట్టింది ఓ మూల దుకాణం. గుమ్మం, రెండు కిటికీలు, ముందు చిన్న చూరు. సాయంత్రం బావమరిది దాన్ని కాసేపు తేరిపార చూసి, కెమెరా తెచ్చుకుని నేలమీద బోర్లా పడుకున్నాడు. టార్చికి నూనె కాగితం చుట్టి అక్కచేత పట్టించాడు. "అక్కా, చెయ్యి కదిపావంటే సూర్యుడు కదిలినట్టే" అని బెదిరించాడు. వచ్చిన ఫొటోలో అది బొమ్మ దుకాణంలా లేదు. వాన వెలిశాక, పొద్దు గూకే వేళ, ఎవరో ఇప్పుడే తాళం వేసి వెళ్ళిన దుకాణంలా ఉంది.

"ఒరేయ్, ఇది నేను కట్టిందేనా?" అన్నాడు మేస్త్రి.

"కట్టింది నువ్వే. చూసింది నేను" అన్నాడు బావమరిది.

ఆ రోజు మొదలు ఇద్దరికీ అదే లోకమైంది. మేస్త్రి రోడ్డు మీద నడుస్తూ పెద్ద పెద్ద భవనాల ముందు ఆగిపోయేవాడు. మెట్లు ఎలా తిరిగాయి, కిటికీ పైన గోడ ఎంత మందం ఉంది, మూల ఎక్కడ విరిగింది, అన్నీ కళ్ళతోనే కొలుచుకునేవాడు. బ్యాంకు ముందు అలా నిలబడితే కాపలావాడు అనుమానపడి తరిమేశాడు కూడా. ఇంటికొచ్చి కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. కాగితం మీద గీత గీసేవాడు కాదు. చేతికి సరిగ్గా కుదిరేదాకా ముక్కలు మార్చి మార్చి చూడడమే ఆయన పద్ధతి. ఆయన పని అయ్యాక బావమరిది వంతు. గంటలకొద్దీ నేలకు ముక్కు ఆనించి పడుకునేవాడు. తిండికి పిలిస్తే ఇద్దరూ పలికేవాళ్ళు కాదు. "మీ ఇద్దరికీ నేను వండి పెట్టడం కంటే ఇటుకలకి పెట్టడం నయం" అని విసుక్కునేది ఆవిడ, నవ్వుకుంటూనే.

ఆ తరవాత మేస్త్రి సినిమా హాలు మొదలుపెట్టాడు.

ఆయన తండ్రి ఒక హాల్లో ప్రొజెక్టరు ఆడించేవాడు. జీవితమంతా ఆ చిన్న గదిలో, వేడిలో, సినిమాలకి వీపు తిప్పి రీళ్ళు చుట్టుకుంటూ గడిపాడు. హాలు కూల్చేసిన రోజున ఎదురు కాలిబాట మీద నిలబడి, చివరి గోడ పడేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పడుకున్నాడు. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ఏడాది దాటకుండానే పోయాడు.

మేస్త్రి ఆ హాలుని జ్ఞాపకంలోంచి తవ్వి తీశాడు. టికెట్ల కిటికీ, ఆడవాళ్ళ వరసకి వేరే ద్వారం, బాల్కనీకి వెళ్ళే వంపు మెట్లు, ఎర్ర కుర్చీలు. పైకప్పు ఎత్తితే లోపలంతా కనబడేది. అన్నిటికంటే పైన ప్రొజెక్టరు గది, అందులో అగ్గిపెట్టె అంత యంత్రం. రెండు ఎండాకాలాలు గడిచాయి. చివరి ముక్క నొక్కిన రోజు ఆయన భార్య చెయ్యి పట్టుకు లాక్కొచ్చి చూపించాడు. మామగారి గది చూసి ఆవిడ కళ్ళొత్తుకుంది.

బావమరిది చాలా ఫొటోలు తీశాడు. ఒక్కటీ అతనికి నచ్చలేదు. "బాగానే ఉన్నాయి బావా. బాగుండడం తప్ప ఇంకేం లేదు వీటిలో" అని గొణుక్కునేవాడు.

ఒకరోజు మేస్త్రి షాపునుంచి వచ్చేసరికి గది నిండా సిమెంటు దుమ్ము. హాలు ఒక పక్క గోడ కూలిపోయి ఉంది. పైకప్పు సగం లోపలికి విరిగి కుర్చీల మీద పడింది. బాల్కనీ వేలాడుతోంది. పక్కనే సుత్తి, ఖాళీ అయిన సిమెంటు సంచి. బావమరిది జుట్టు, కనుబొమలు తెల్లగా ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇదేంట్రా?"

"ముందు ఫొటో చూడు బావా."

"ఇదేంట్రా అని అడుగుతున్నా."

"ఇటుకలేగా బావా! మళ్ళీ పేర్చుకోవచ్చు. నేనూ కూర్చుంటా నీతో. ఫొటో చూశాక ఎంతైనా తిట్టు."

మేస్త్రి ఫొటో చూడలేదు. కింద కూర్చుని దుమ్ములో చెయ్యి పెట్టి కదిపాడు. ఏ ముక్క ఎక్కడిదో చేతికి తెలియలేదు. చాలాసేపటికి తలెత్తాడు.

"మా నాన్న చూసింది చాలదా? నన్నూ చూడమంటావా?"

బావమరిది సుత్తిని కాలితో పక్కకి నెట్టాడు. అక్క వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆ వారం దాటకుండానే అతను స్టూడియో మీద ఉన్న గదిలోకి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. ఆవిడ బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. భర్తకి వడ్డించి, తమ్ముడికి డబ్బా కట్టుకుని బయల్దేరేది. తిరిగొచ్చాక అతను ఎలా ఉన్నాడో మేస్త్రి అడిగేవాడు కాదు. ఆవిడ ఎవరితోనూ కాకుండా, గోడకి చెప్పినట్టు చెప్పేది. "వాడికి జలుబు చేసింది." "వాడు మీసం తీసేశాడు." మేస్త్రి వినేవాడు.

ఆ ఫొటోకి ఒక ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. సెలవురోజు ఎవరికీ చెప్పకుండా మేస్త్రి వెళ్ళి చూశాడు. పెద్దది చేసి గోడకి తగిలించారు. విరిగిన కప్పులోంచి ఒక వెలుగు చార దిగి, తలకిందులైన కుర్చీల మీద పడుతోంది. ఆ వెలుగులో దుమ్ము లేస్తోంది. పైన ప్రొజెక్టరు గది తలుపు ఊడి వేలాడుతోంది. పక్కన నిలబడ్డ ఒక ముసలావిడ, "మేం చూసిన హాలేనండీ ఇది. కూల్చేటప్పుడు ఎవరో భలే తీశారు" అంది పైటచెంగుతో ముక్కు తుడుచుకుంటూ. అది బొమ్మ అని ఆయన చెప్పలేదు. తండ్రి ఆ రోజు కాలిబాట మీంచి ఏం చూశాడో ఆయనకి అప్పుడే తెలిసింది. ఫొటో నాసిగా ఉండుంటే నాలుగు రోజుల్లో కోపం చల్లారిపోయేది. అంత బాగుండడమే ఆయన మింగలేకపోయాడు.

మంగలి షాపుకి వెళ్ళొచ్చానని ఇంట్లో చెప్పాడు. జుట్టు ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ ఒకసారి ఆ జుట్టుకేసి చూసి కంచం పెట్టింది.

ఇటుకల సంచి అటక ఎక్కింది. ఏళ్ళు గడిచాయి.

బావమరిది గొంతు బొంగురుపోవడం మొదట జలుబే అనుకున్నారు. తీరా పరీక్షలు చేయిస్తే గొంతులో రాచపుండు, అదీ ముదిరిపోయింది. ఆవిడ ఆసుపత్రినుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా భర్త ముందు నిలబడింది. "మీరు రండి. మాట్లాడొద్దు, ఏమొద్దు. మొహం చూపించండి చాలు."

మేస్త్రి వెళ్ళాడు. మంచంలో సగం మనిషే మిగిలాడు. ముక్కుమీద కళ్ళజోడు వదులై జారిపోతోంది. ఆయన పలకరించకుండానే దాన్ని తీసుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించి, అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టాడు.

"ఏమైనా కడుతున్నావా బావా?" అన్నాడు అతను, గాలే ఎక్కువగా ఉన్న గొంతుతో.

"లేదు."

"నా మీద కోపంతోనా?"

"బద్ధకంతో."

"క్షమించమని అడగను బావా. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ పగలగొడతా. నీ దగ్గర అబద్ధమాడలేను."

"తెలుసులేరా."

అతను కళ్ళు పైకెత్తాడు. "ఈ వార్డు కట్టు బావా. పడుకుని పడుకుని ఈ కప్పు తప్ప ఏం కనబడట్లేదు నాకు. పైనుంచి ఎలా ఉంటుందో చూడాలనుంది."

సంచి అటక దిగింది. ముక్కల బొడిపెల మధ్య గట్టిపడ్డ సిమెంటుని మేస్త్రి పళ్ళ బ్రష్షుతో గీకాడు. భార్య కడిగి గుడ్డమీద ఆరబెట్టింది. వరసగా మంచాలు, ఎత్తైన కిటికీలు, నర్సు బల్ల, సీసా వేలాడే కడ్డీ. ఫొటో ఎవరు తీయాలి? చేతనైనట్టు మేస్త్రే తీశాడు. బావమరిది చూసి మొహం చిట్లించాడు. "వెలుగు ఎదురుగా కొట్టావు, శవంలా ఉంది. కిటికీలోంచి పంపు." మర్నాడు కిటికీలోంచి పంపాడు. "కాస్త బతికింది" అన్నాడు. ఆ పైన గొంతు పూర్తిగా పోయింది. చేత్తోనే చెప్పేవాడు: ఇంకా ఎత్తునుంచి, ఇంకా దూరం, ఈ మూల చీకటి చెయ్యి. మేస్త్రి ఆ వయసులో నేలమీద పడుకుని, నిచ్చెనెక్కి, నడుం పట్టేసుకుని, తిట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ తీసేవాడు. ఒక ఫొటో తీయడానికి ఆ కుర్రాడు పడ్డ పాట్లు ఎన్నో అప్పుడు తెలిసొచ్చింది.

చివరికి ఒకటి కుదిరింది. బావమరిది దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఖాళీ మంచం మీద వేలు పెట్టి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, 'నేనేడీ?' అన్నట్టు చూశాడు. ఆ మంచంలో బొమ్మని పడుకోబెట్టడానికి మేస్త్రికి మనసొప్పలేదు.

"బాత్రూముకెళ్ళావు" అన్నాడు.

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి మారి, నర్సు పరుగెత్తుకొచ్చింది.

ఇంటికొచ్చి మేస్త్రి సంచంతా గుమ్మరించి మనిషి బొమ్మ కోసం వెతికాడు. ఒకదానికి తల లేదు, ఒకదానికి చేతులు లేవు. ఎలాగో ఒక మనిషిని కూర్చాడు. పొద్దున్నే ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది.

కొన్ని నెలలకి ఆవిడే అడిగింది. "వాడి స్టూడియో కట్టండి." అప్పటికే స్టూడియో ఎత్తేసి అక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు. మేస్త్రి బల్ల, స్టూలు, గొడుగు దీపాలు కట్టాడు. వెనక తెర దగ్గర ఆగాడు.

"ఏ రంగు అది?"

"నీలం" అంది ఆవిడ.

"బూడిదరంగు కాదూ?"

"అన్నేళ్ళు డబ్బా పట్టుకెళ్ళాను, నాకు తెలీదా?" అంది. కాసేపటికి, "ఏమో మరి" అంది చిన్న గొంతుతో.

ఆయన బూడిదరంగు ముక్కలు పెట్టాడు. మర్నాడు షాపునుంచి వచ్చేసరికి అక్కడ నీలం ముక్కలున్నాయి. ఆయన వాటిని అలాగే ఉంచేశాడు. ఫొటో మాత్రం తీయలేదు.