తొలి కోత కాయలు

కరీమున్ ఇంట్లో ముందు గదికీ వెనక వసారాకీ మధ్య ఒకటే తలుపు. దానికి అటువైపు నుంచి, ముందు గది అద్దెకున్న కోటేష్ ఎప్పుడో అడ్డంగా చెక్కలు కొట్టేశాడు. ఇటువైపు కరీమున్ కింది సందులో పాత బొంత చుట్టి దోపింది. పై సందుల్లో పేడా మట్టీ కలిపి మెత్తింది. అయినా పత్తికి పురుగు పట్టే రోజుల్లో వాసనను ఆపడం ఆమె వల్ల కాలేదు. అటుపక్క పురుగుమందుల కొట్లో డబ్బా మూత తీస్తే చాలు, ఇటుపక్క మంచం మీద ఆమె మొగుడు నన్నే సాహెబ్ లేచి కూర్చునేవాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, మెడ ముందుకు చాచి, గాలిని నోటితో లాక్కునేవాడు. లాక్కున్నప్పుడల్లా గొంతులో సన్నగా ఈల వినిపించేది.

"విసరనా?" అని కరీమున్ విసనకర్ర అందుకుంటే తల అడ్డంగా ఊపేవాడు. విసిరితే గాలితోపాటు మందు కూడా వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆ ముందు గది ఒకప్పుడు అతని పనిచోటు. నన్నే సాహెబ్ దూది ఏకేవాడు. దర్శి చుట్టుపక్కల రైతులు పెళ్లి పెట్టుకున్నారంటే సొంత చేలో పత్తి గోతాల్లో వేసుకుని ఆ గదికే వచ్చేవారు. వాసానికి వేలాడదీసిన విల్లు నారిని అతను కర్రతో మీటుతుంటే దూది విడివడి గాల్లోకి లేచేది. కరీమున్ దాన్ని పరుపు గుడ్డలో కూరి, దబ్బనంతో కుట్లు వేసేది. పెళ్లయి వచ్చిన మర్నాడే ఆమె దబ్బనం పట్టుకుంది. ఆ ఊళ్లో ఆమె కుట్టిన పరుపు లేని ఇల్లు తక్కువ. తర్వాత దర్శిలో ఏకుడు మిషను పెట్టారు. ఆ వెనకే రెడీమేడ్ పరుపులు వచ్చాయి. అప్పటికే నన్నే సాహెబ్ ఊపిరితిత్తుల నిండా దూది నుసి చేరింది. విల్లు దింపి వసారాలో గోడకు ఆనించి, తొంభై మూడులో ముందు గదిని కోటేష్‌కి అద్దెకు ఇచ్చారు.

కాగితం రాసుకోలేదు. కోటేష్ తల్లి వెంకటేశ్వరమ్మ, కరీమున్ ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకునే ఇరుగుపొరుగు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. కాబట్టి కోటేష్‌కి కరీమున్ అత్త, నన్నే సాహెబ్ మావ.

"నెలనెలా అద్దె ఇయ్యి. ఏడాదికోసారి మా ఇంటి కారానికి సరిపడా నీ చేలో కాయలియ్యి. మాకింకేం వద్దురా," అన్నాడు నన్నే సాహెబ్.

"కాయలకేం భాగ్యం మావా! తొలి కోత నీ గడపలోనే దించుతా," అన్నాడు కోటేష్.

అన్నమాట తప్పలేదు. అద్దె ఒక్క నెలా ఆపలేదు. మిరప తొలి కోతనాడు వెంకటేశ్వరమ్మే చేటలో ఎర్రటి కాయలు తెచ్చి కరీమున్ ఒళ్లో పోసేది. ఆ ఊళ్లో తొలి కోత కాయలు నాలుగిళ్లకు పంచాకే కల్లంలో ఆరబోసేవారు. తెచ్చిన కాయలు ఎవరూ కాదనరు. తిప్పి పంపితే చేను ఎండుతుందని నమ్మకం. పగవాడి చేనుకైనా అంత కీడు కోరుకునేవారు అక్కడ లేరు.

తొంభై ఎనిమిదిలో పత్తిని పచ్చపురుగు ఊడ్చేసింది. రైతులు పొద్దున కొట్టిన మందు సాయంత్రం మళ్లీ కొట్టారు. కోటేష్ కొట్టు ముందు జనం, కొట్టు నిండా డబ్బాలు. ఆ పంట కారులోనే కరీమున్ మొగుణ్ని బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్లింది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఈయన పడుకునే చోటు పక్కన ఏముందమ్మా?"

ఆమె చెప్పింది.

"అయితే మందులు రాసి లాభం లేదు. ముందు అక్కణ్నించి ఆ మందుల కొట్టు తియ్యాలి, లేదా ఈయన్ని తియ్యాలి."

ఊళ్లో దిగీ దిగగానే ఆమె కొట్టు దగ్గరికి వెళ్లింది. కోటేష్ గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నాడు.

"ఒరే కోటేషూ, గది ఖాళీ చెయ్యరా. మీ మావకి ఊపిరాడటం లేదు."

"ఇప్పటికిప్పుడంటే ఎట్టా అత్తా? లైసెన్సు ఈ గది పేరు మీద ఉంది. ఈ కారు పోనియ్యి."

"పోయిన కారు కూడా ఇదే మాటన్నావు."

"నేనేమన్నా అద్దె ఎగ్గొట్టానా? సెంటర్లో ఇట్టాంటి గది ఇంకోటి చూపియ్యి, రేపే పోతా." అక్కడ నిలబడ్డ రైతుల వైపు తిరిగాడు. "చూడండయ్యా, మా అత్త నన్ను రోడ్డు మీద పడేస్తానంటంది."

వాళ్లు నవ్వారు. వాళ్ల పొలాల్లో పురుగుంది, ఆ పురుగుకి మందు కోటేష్ దగ్గరుంది. అరువు కూడా అతనే ఇస్తాడు. వాళ్లలో కరీమున్ వైపు మాట్లాడేవాడు ఎవడు?

ప్లీడరు ఆదెయ్య ఆమె చెప్పిందంతా విని ధైర్యం చెప్పాడు. "నీ అదృష్టం ఏంటంటే మీది పంచాయతీ ఊరు. టౌన్లో అయితే అద్దెల చట్టం ఉంది, ఇల్లు ఎందుకు కావాలో కారణం చూపించి నెగ్గాలి. మీ ఊరికి అది వర్తించదు. నెలాఖరుకి గడువు తీరేట్టు పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలు. ఖాళీ చెయ్యకపోతే దావా వేస్తాం. అద్దె మాటలు ఏం అనుకున్నారో చెప్పు, రాసుకుంటా."

నెలనెలా డబ్బు, ఏటా కారానికి కాయలు. ఆమె చెప్పింది, ఆయన రాసుకున్నాడు.

"ఒక్కటి గుర్తుంచుకో. గడువు దాటాక అతని చేతి నుంచి అద్దె తీసుకున్నావంటే, అతన్ని ఉండమని నువ్వే ఒప్పుకున్నట్టు. నోటీసు చచ్చిపోతుంది. ఒక్క రూపాయి ముట్టుకోకు."

ఆమె ముట్టుకోలేదు. గడువు దాటాక కోటేష్ అద్దెను మనియార్డరు చేస్తే పోస్టుమేను తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంట్లో బియ్యం లేవు. నన్నే సాహెబ్ మందుబిళ్లలు అయిపోయాయి. "వద్దు, తీసుకుపో," అంది. పోస్టుమేను, "నీకేమన్నా పిచ్చా కరీమూ?" అన్నాడు. నెలనెలా వచ్చే మనియార్డరును నెలనెలా తిప్పి పంపుతూ, ఆమె మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లింది. వేళ్లు మండేవి. దావా వేశారు, వాయిదాలు మొదలయ్యాయి.

ఆ ఏడాది మిరప తొలి కోతకు వెంకటేశ్వరమ్మ ఎప్పటిలాగే చేట పట్టుకుని వెనక గుమ్మానికి వచ్చింది.

"మగవాళ్లు కోర్టులకెక్కారని మనం మాట్లాడుకోవటం మానేస్తామా వదినా? ఒడి పట్టు."

"నీ కొడుకుతో గది ఖాళీ చేయించు వదినా, ఒడేం ఖర్మ, నెత్తిన పెట్టుకుంటా," అంది కరీమున్.

"నా మాట వింటే నేను ఇట్టా ఎందుకుంటా! వాడు పెళ్లాం మాటే వినడు." ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ వసారాలో నవ్వు వినిపించింది. కరీమున్ ఒడి పట్టింది. కాయలు బరువుగా, నున్నగా, గలగలమంటూ జారాయి. చేను పచ్చగా ఉండాలని ఆమె మనస్ఫూర్తిగా అంది.

కోటేష్ తరఫు జవాబు కోర్టులో పడిన రోజు ఆదెయ్య ఆమెను పిలిపించాడు. కుర్చీ చూపించలేదు.

"కాయలు తీసుకున్నావా?"

"ఏం కాయలు?"

"మిరపకాయలు. నోటీసు గడువు దాటాక."

"తొలి కోత కాయలు బాబూ. వాళ్లమ్మ తెచ్చింది. ఎవురైనా తీసుకుంటారు."

ఆదెయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అద్దెలో కాయలు కూడా ఒక భాగమని మనమే నోటీసులో రాశాం. నీ నోటితో నువ్వు చెప్తేనే రాశాను. ఇప్పుడు అతనేమంటున్నాడో తెలుసా? గడువు తర్వాత కూడా నువ్వు అద్దె పుచ్చుకున్నావంటున్నాడు."

"మీరు రూపాయి ముట్టొద్దన్నారు. నేను ముట్టలేదు."

ఆయన నోటీసు నకలు తీసి, కాయల మాటున్న చోట వేలు పెట్టి చూపించాడు.

కరీమున్ బోనెక్కిన రోజు అవతలి ప్లీడరు గొంతు పెంచలేదు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏమ్మా, ఏటా కారానికి కాయలివ్వాలని మీ ఆయన అన్నాడా?"

"అన్నాడు."

"నోటీసు ఇచ్చిన ఏడాది కూడా కాయలు వచ్చాయా?"

"వచ్చినై."

"వద్దన్నారా?"

"తొలి కోత వద్దంటారా బాబూ?" అంటూ ఆమె జడ్జి వైపు తిరిగింది. "మీరు చెప్పండయ్యా, ఎవురన్నా వద్దంటారా? చేను ఏమవ్వాలి?"

"అడిగినదానికి జవాబు చెప్పండి. వద్దన్నారా, తీసుకున్నారా?"

"తీసుకున్నా."

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద వెంకటేశ్వరమ్మ కొడుకు పక్కన కూర్చుని ఉంది. కరీమున్ ఆమె కళ్లలోకి చూడాలనుకుంది. ఆమె తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

దావా కొట్టేశారు. గడువు తర్వాత అద్దె పుచ్చుకోవడం వల్ల నోటీసు చెల్లదన్నారు. "మళ్లీ నోటీసు ఇచ్చి మళ్లీ వేసుకోవచ్చు," అన్నాడు ఆదెయ్య మెట్లు దిగుతూ.

"మళ్లీ ఇన్నేళ్లా?"

"అతను అప్పీలుకు పోతే ఇంకా ఎక్కువే."

"అన్నాళ్లు ఆయన ఉంటాడా ప్లీడరు గారూ?"

బస్సుకు టైమవుతోందని ఆదెయ్య గుర్తుచేశాడు.

మర్నాడు తెల్లారేసరికి కొట్టు తలుపుకు రెండు తాళాలున్నాయి. ఒకటి కోటేష్‌ది. దాని మీద కరీమున్ వేసిన తాళం ఇంకొకటి. ఆమె అరుగు మీద కాళ్లు బారచాపుకుని కూర్చుంది. "నా ఇల్లు. నా తలుపు. ఎవడొస్తాడో రానీ," అని రోడ్డున పోయే వాళ్లందరికీ వినపడేట్టు చెప్పింది. జనం మూగారు. ఎండ ఎక్కేలోపు కానిస్టేబుల్ వచ్చాడు.

"తియ్యమ్మా తాళం."

"నా ఇంటికి నేను వేసుకుంటే తప్పా?"

"నీ ఇల్లే. అద్దెకున్నోణ్ని కోర్టు చెప్పకుండా బయటపెట్టకూడదు. నీ మీదే కేసవుద్ది. ముసలాయన్ని ఎవురు చూస్తారు మరి?"

ఆ చివరి మాటకు ఆమె లేచింది. రొండిన దోపుకున్న తాళంచెవి తీసి, అందరూ చూస్తుండగా తన తాళం తనే విప్పుకుంది. కోటేష్ కిందికి చూస్తూ, "నాకు మాత్రం సరదానా అత్తా? ఊళ్లో సగం అరువు ఈ కొట్లోనే ఉంది. ఇక్కణ్నించి కదిలితే ఒక్కడు కట్టడు," అన్నాడు. అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఆమె గట్టిగా తిట్టి ఉండేది.

ఆ రాబోయే పత్తి కారును అక్కడ గడపలేమని ఆమెకు తెలిసిపోయింది. గది ఖాళీ చెయ్యాల్సినవాడు చెయ్యడు. ఇక ఇల్లు వదలగలిగింది తాము మాత్రమే. ఊరి చివర పాలెంలో ఏసోబు అనే తాపీమేస్త్రీకి రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది. పక్కన పొలాలు లేవు, చవుడు నేల. కరీమున్ వెళ్లి అడిగింది. ఏసోబు గోడను గోటితో గీకుతూ అన్నాడు.

"ఇస్తా గానీ ఒక మాట కరీమక్కా. నువ్వు కోర్టులు తిరిగినదానివి. రేపు మా పిల్లోడికి పెళ్లి చేస్తే గది కావాల. అప్పుడు లెగమంటే లెగుస్తారా?"

లేవకపోతే ఇతనేం చెయ్యాలో, ఎంతకాలం పడుతుందో, ఏ చిన్న తప్పు చేస్తే అంతా మొదటికి వస్తుందో ఆ ఊళ్లో కరీమున్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"నువ్వు లెగమన్న పూట లెగుస్తాం," అంది. "నా మొగుడి ఊపిరి మీద ఒట్టు."

"అంత ఒట్లెందుకులే," అన్నాడు ఏసోబు కంగారుగా.

మంచం, రెండు బిందెలు, పరుపు, గోడకు ఆనించిన విల్లు రిక్షాలో వేసుకుని సొంత ఇంటి నుంచి అద్దె గదికి వెళ్లారు. రెండో నోటీసు అంతకు ముందే వెళ్లింది, దాని గడువూ దాటింది. రేకుల కింద వేడి ఎక్కువే. కానీ ఆ గదిలో మొదటి రాత్రి నన్నే సాహెబ్ పడుకుని నిద్రపోయాడు. కూర్చుని కాదు, పడుకుని. ఎన్నేళ్లయిందో! అయితే డాక్టరు చెప్పిన మాట అతని ఛాతీకి ఆలస్యంగా చేరింది. చలి మొదలయ్యేసరికి మళ్లీ ఈల వచ్చింది. ఈసారి పక్కన మందుల కొట్టు లేదు, నిందించడానికి తలుపు కూడా లేదు.

మిరప తొలి కోత వచ్చింది. పొద్దున్నే రేకుల గది ముందు నీడ కదిలింది. వెంకటేశ్వరమ్మ. చేతిలో చేట, చేటలో ఎర్రటి కాయలు. పాలెం దాకా నడిచి వచ్చిందేమో, ఆయాసపడుతోంది.

"వదినా," అంది.

కొడుకు పంపితే వచ్చిందా, తనంతట తనే వచ్చిందా? కరీమున్ ఆమె మొహంలో వెతికింది. ఎంత చూసినా తెలియలేదు. కోర్టులో కూడా తెలియలేదు.

"పట్టుకుపో వదినా."

"తొలి కోత. తిప్పి పంపుతావా?"

"పట్టుకుపో."

"నా చేను ఎండాలా? పిల్లలున్న ఇల్లు!" వెంకటేశ్వరమ్మ చేటను గడప మీద దించేసి, వెనక్కి చూడకుండా గబగబా వెళ్లిపోయింది.

కరీమున్ గడప మీది చేటను పామును చూసినట్టు చూసింది. ఎవరైనా చూశారా? ఉంచుకుంటే తీసుకున్నట్టేనా? ఒక్క కాయ గదిలో పడితే మళ్లీ మొదటికేనా? దింపినప్పుడు నాలుగు కాయలు జారి లోపలికి దొర్లాయి. మంచం కింద చేతులు పెట్టి ఒక్కొక్కటే ఏరింది. ఒకదానికి తొడిమ ఊడి గింజలు చేతికంటుకున్నాయి. చేట ఎత్తుకుని పాలెం నుంచి సెంటరు దాకా నడిచింది. తన ఇంటి ముందు, కోటేష్ కొట్టు అరుగు మీద పెట్టింది. "చూడండయ్యా, నేను తీసుకోలా," అని గట్టిగా చెప్పింది. మందు కోసం వచ్చిన రైతులు చేటను చూసి, ఆమెను చూసి, మొహం తిప్పుకున్నారు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

తిరిగి వచ్చేసరికి నన్నే సాహెబ్ లేచి కూర్చుని ఉన్నాడు. నుదుటి నిండా చెమట. చెమట కారి కళ్లలో పడుతోంది.

"ఎవురొచ్చింది?" అన్నాడు ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"ఎవురూ కాదయ్యా."

అతని నుదురు తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచెయ్యి భగభగ మండుతోంది. ఆ చేత్తో అతని మొహం ముట్టకూడదు. అరచేతులు రెండూ పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.