గదే అనాల్సిన మనిషి పోయాడు

పెద్దబాపు పోయాడన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పే పంతులమ్మను నేను. బల్ల మీద ఫోను వరసగా మూడుసార్లు వణికితే పిల్లలు నవ్వారు, నేనూ నవ్వుతూనే తీశాను. అవతల తమ్ముడు. "అక్కా, పెద్దబాపు ఇగ లేడే. పేపర్ సదువుకుంట కూసున్నోడు కూసున్నట్లే పోయిండు" అన్నాడు. పిల్లలకేం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. అశోక్ చౌక్‌లో ఆటో దిగి దాజీ పేట్ వైపు నడుస్తుంటే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఎప్పటిలాగే వినిపించింది. ఆ రోజు ఆ చప్పుడు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన చేతిలో బాగుపడని సాంచా మా వీధిలో ఒక్కటి కూడా లేదు, ఒక్క గంట ఆగలేకపోయాయా అనిపించింది.

ఆయన మా నాన్నకు అన్న. పవర్‌లూమ్ కార్ఖానాలో జాబర్, అంటే పాడైన సాంచాను బాగుచేసే మిస్త్రీ. చదివింది ఏడో తరగతి. నా పట్టా మీద యూనివర్సిటీ పేరుంది గానీ, నాకు ప్రజాస్వామ్యం నేర్పింది మాత్రం ఆయన ఇంటి ముందు రాతి అరుగు.

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల వీధి మాది. అది తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. సాంచాలు నడుస్తున్నంతసేపు ఇక్కడ మనిషికి మనిషి మాట వినబడదు. అన్నానికి పిలవాలన్నా దగ్గరికెళ్లి భుజం తట్టాల్సిందే. అందుకే మా చర్చలన్నీ కరెంటు పోయినప్పుడే. ఎవరో ఒకరు "లైట్ గేలీ!" అని మరాఠీలో అరుస్తారు. చెవులు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. చద్దర్లు నేసేవాళ్లు, తువ్వాళ్లు నేసేవాళ్లు ఒంటిమీది నూలు దుమ్ము దులుపుకుంటూ బయటికొస్తారు. ఆడవాళ్లు ఒడిలో చేట, చేటలో బీడీ ఆకు పెట్టుకుని గడపల్లో ఎలాగూ ఉంటారు. ఢిల్లీలో ఏ చట్టం చేసినా మా అరుగు మీద దానికి రెండో చర్చ జరగాల్సిందే. మొదటి చర్చ అక్కడ సరిగ్గా జరిగి ఉండదని పెద్దబాపు గట్టి నమ్మకం.

ఆ అరుగుకు ఒక కానూను ఉండేది. అది కార్ఖానాలోంచి వచ్చింది. చప్పుడులో మాట వినబడదు కాబట్టి, సాంచాలో చెయ్యి పెట్టిన జాబర్ సైగ చేస్తాడు. బటన్ దగ్గరున్న మనిషి అదే సైగ తిరిగి చేసి చూపించాలి. జాబర్ తల ఊపాలి. అప్పుడే బటన్ నొక్కాలి. నేను పుట్టకముందు ఒకాయన తిరిగి చూపించకుండానే నొక్కాడు. పెద్దబాపు ఎడమచేతి చూపుడువేలు మొదలంటా పోయింది.

అరుగు మీద కూడా అంతే. ఎవరి మాటకైనా జవాబివ్వాలంటే ముందు ఆ మాటను నీ నోటితో నువ్వు చెప్పాలి. అన్నవాడు విని "గదే", అంటే నేనన్నది అదే, అనాలి. "గది కాదు" అన్నాడా, మళ్లీ చెప్పాలి. గదే అనిపించుకునేదాకా జవాబు చెప్పే హక్కు లేదు. "సమజ్ గాకుంట జవాబిచ్చుడంటే సైగ జూడకుంట బటన్ నొక్కుడే. ఎవనిదో ఒకని వేలు పోతది" అని, వేలు లేని ఆ చెయ్యి చూపించేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు కూలిరేట్ల కోసం వీధంతా సమ్మె చేసింది. ఇంట్లో రెండు పూటలా జొన్నరొట్టె, కారం. కరెంటు ఉన్నా సాంచాలు ఆగిపోయాయి కాబట్టి అరుగు మీద రోజంతా సభే. ఒకరోజు పెద్దబాపు నన్ను నిలబెట్టి, "బిడ్డా, ఇయ్యాల నువ్వు సేటు. సేటు మాట జెప్పు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా నాన్న అక్కడే కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుని నూలు ధర, కరెంటు బిల్లు, పక్క ఊళ్లో తక్కువ కూలికి నేసేవాళ్లు అంటూ చెప్పాను. చెప్పి పెద్దమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను. పెద్దబాపు వచ్చి నా నెత్తి నిమిరి, "సేటు మాట నీ నోట్ల వెట్టుకున్నంత మాత్రాన నీ నోరు సేటుది గాదే పిచ్చిదాన" అన్నాడు. మరునాడు మావాళ్లు సేటు దగ్గరికి మాటలకు వెళ్లినప్పుడు, సేటు ఏమంటాడో ముందే తెలిసి వెళ్లారు. అడిగినంత రాలేదు, కొంత వచ్చింది.

బడ్జెట్ మర్నాడు ఆయన్ను చూడాలి. కళ్లజోడు కాడకు నూలుపోగు చుట్టుకుని, మరాఠీ పేపరు ముందేసుకుని, ఒక్కో వాక్యం మన తెలుగులోకి మార్చి చెప్పేవాడు. "ఎవలకిచ్చిండ్రో గా పేర్లు అందరు సదువుతరు. ఎవలకియ్యలేదో గా పేర్లు రాసుండయి, గవి మనం సదువుకోవాలె" అనేవాడు. బయటి దేశపు తువ్వాళ్లు చవకగా దిగుమతి అవుతున్నాయని అందరూ మండిపడుతుంటే, "కొనుక్కునేటోడు గూడ పేదోడే గద, వాని మాట ఎవలు జెప్తరు?" అని లేచేవాడు. ఒక్క సాయంత్రంలో మూడు పార్టీల తరఫున వాదించగల మనిషి. మూడు పార్టీల వాళ్లూ ఆయన్ను అవతలివాడి మనిషేనని అనుమానించేవారు. అది చెప్పి ఎంత నవ్వేవాడో.

అలాంటి మనిషితో నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా పొగడ్తలతో ముగిస్తే ఆయన "గది కాదు" అంటాడు.

ఈసారి పార్లమెంటు ఎన్నికల నాటికి మా వీధిలో సగం కార్ఖానాలకు తాళాలు పడ్డాయి. సాంచాలను విప్పి తూకానికి తుక్కువాళ్లకు అమ్ముతున్నారు. నూలు మీద పన్ను తగ్గించేదాకా ఓటు వెయ్యొద్దని వీధి తీర్మానించింది. తీర్మానం రాసింది నేనే. వీధి మొదట్లో తెలుగులో, మరాఠీలో బ్యానరు కట్టించిందీ నేనే. చదువుకున్న పిల్లనని నా మాటకు విలువుండేది. నాకు అది బాగుండేది కూడా.

పోలింగు ముందురోజు సాయంత్రం కరెంటు పోయింది. నేను లేచి నా మాట చెప్పాను. ఓటు మన దగ్గర మిగిలిన ఒకే ఒక్క బలం, ప్రతిసారీ అడిగినవాడికల్లా ఇచ్చేశాం కాబట్టే దానికి విలువ లేదు, అందరం కలిసి ఒక్కసారి ఆపి చూపిస్తే ఢిల్లీకి మన గోస వినబడుతుంది అన్నాను. పెద్దబాపు మొత్తం విని, నా మాట నాకే తిరిగి చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. కానీ ఆ పూట నాకు పొగరు తలకెక్కి ఉంది. "గదే" అనలేదు. గదే దక్కలేదు కాబట్టి జవాబు మొదలుపెట్టకుండా ఆయన, "సరే, నేను రేపు ఓటేస్త. ఎందుకేస్తనో నువ్వే జెప్పు" అన్నాడు.

"నీకు పార్టీలోళ్లంటె భయం" అన్నాను.

"గది కాదు బిడ్డా."

"పింఛన్ బంద్ అయితదని భయం."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "గది కాదు. జర సోంచాయించు."

"సోంచాయించేదేం లేదు పెద్దబాపూ. వీధి ఒక దిక్కు, నువ్వొక దిక్కు. గంతే" అని నా జవాబు మొదలుపెట్టాను. గదే అనిపించుకోకుండా ఆ అరుగు మీద జవాబిచ్చిన మొదటి మనిషిని నేను. ఎవరూ అడ్డు చెప్పలేదు. పైగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, సాంచాల చప్పుడు కూడా వాటిని మింగదు.

మరునాడు మా తీర్మానం నిలబడాలని వీధి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చిపోయేవాళ్ల ఎడమచేతి చూపుడువేలు చూస్తున్నాను. సిరా ఉందా లేదా అని. ఒక బీడీలు చేసే అవ్వ బజారు నుంచి వస్తూ, నేను అడక్కముందే చెయ్యి చాపింది. చెయ్యి వణుకుతోంది. "నేను ఎయ్యలే బిడ్డా, నీ మీద ఒట్టు" అంది. సరే పో అవ్వా అన్నాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

మధ్యాహ్నం పెద్దబాపు వచ్చాడు. ఆయనకు చూపుడువేలు లేదు. కావాలంటే నన్ను దాటి పోవచ్చు, మిగిలిన వేళ్లు చూడాలని నాకు తోచనైనా తోచదు. ఆయనే ఆగి, చెయ్యి నా ముఖం ముందు విప్పి పట్టుకున్నాడు. ఉంగరపు వేలు మీద సిరా తడిగా ఉంది. "సూసినవా బిడ్డా, నువ్వు వేళ్లు సూస్తున్నవ్" అన్నాడు. కోపంగా కాదు, నీకు జ్వరం వచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. నేను ఎత్తిపొడుపు అనుకుని ముఖం తిప్పుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు వీధి ఆయన్ను వెలివేయలేదు. చాయ్ ఇచ్చారు, పలకరించారు. కానీ కరెంటు పోయినప్పుడు ఆయన ఏం మాట్లాడినా ఎవరూ ఆ మాటను తిరిగి చెప్పలేదు. అరుగు మీద అంతకంటే పెద్ద శిక్ష లేదు. పన్ను తగ్గలేదు. మా బహిష్కారం గురించి పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి. నేను కొంతం చౌక్ దగ్గర నా ఇంట్లో ఉండి, అటు పోవడం తగ్గించాను. ఒకసారి పోక తప్పలేదు, వెళ్లాను. పెద్దబాపు నా కోసం అరుగు మీద చోటు జరిగి, "ఒక్కసారి నా మాట జెప్పు బిడ్డా. అటెన్క ఎంతన్న తిట్టు" అన్నాడు. "క్లాసుంది పెద్దబాపూ, పోవాలె" అన్నాను. ఆ రోజు ఆదివారం. అది ఆయనకూ తెలుసు. "పో బిడ్డా, పిల్లలు ఎదురుసూస్తుంటరు" అన్నాడు.

అదే మా ఆఖరి మాట.

నేను వెళ్లేసరికి ఆయన్ను చాప మీద పడుకోబెట్టారు. ఎడమచెయ్యి గుండెల మీద ఉంది. ఉంగరపు వేలి గోరు కొసన సిరా ఇంకా నల్లగా, సన్నగా మిగిలి ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంటే వణికిన ఆ అవ్వ చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు, అన్నాళ్లకు, ఆయన మాట ఏమిటో నాకు తెలిసింది. నేను ఏడ్చిన ఏడుపు చూసి పక్కవాళ్లు, ఎంత ప్రేమ అనుకున్నారు.

పెద్దమ్మ ఏడవలేదు. మూడో రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "రోజు పొద్దుగూకంగ నా ముంగట కూసోని నీ మాటనే జెప్తుండె. ఓటు ఆపితె గిట్లైతది గట్లైతది అని. 'పోరి మాట సరిగ్గనే జెప్తున్ననా?' అని అడిగేటోడు. నేను బీడీలు సుట్టుకుంట ఊఁ అనేదాన్ని. 'నువ్వంటె లాభం లేదు, పోరి అనాలె, దాని మాట గద' అనేటోడు." చెబుతూ చెబుతూ పెద్దమ్మ లేని చేట కోసం ఒళ్లో తడుముకుంది. నేను ఆయనకు బాకీ పడ్డది ఒక్క మాట. రెండక్షరాల మాట. ఆయన ఎదురుగా ఉండగా అనలేకపోయాను.

దినాల రోజు అందరూ తిన్నాక "లైట్ గేలీ!" అని ఎవరో అరిచారు. చెవులు ఖాళీ అయ్యాయి. జనం అలవాటుగా అరుగు దగ్గరికి వచ్చి, ఆయన చోటు చూసి కూర్చోలేక నిలబడిపోయారు. నేను ముందుకెళ్లాను.

"పెద్దబాపు మాట నేను జెప్త" అన్నాను. "ఓటేసేకాడ మనిషి ఒక్కడే ఉంటడు. సేటు ఉండడు, మొగడుండడు, కులపోళ్లుండరు, వీధి ఉండది. సిరా మనిషి వచ్చిండని జెప్తది గని, ఎవలకేసిండో జెప్పది. గరీబోనికి గా ఒక్క చాటు ఉన్నది. మనం ఓటు బంద్ వెట్టి గా చాటు తీసేసినం. వేసిండా లేదా అందరికి కనవడ్తది. గందుకే వేళ్లు సూసేటోళ్లు గావలసి వచ్చిండ్రు. నేను సూసిన. ఒక అవ్వ నన్ను జూసి వణికింది. ఏ సర్కార్ మీద కోపం జేసినమో, ఒక్క దినం మనమే గా సర్కార్ అయినం. అందరు ఒక్కటైనప్పుడు గూడ ఒక్కడు 'నేను రాను' అనేటందుకు జాగ ఉండాలె. గా జాగ ఉంచేటందుకే ఆయన ఓటేసిండు. వేలు దాచుకోకుంట నాకు సూపిచ్చింది గూడ గందుకే."

ఆగాను. ఆయన చోటు వైపు తిరిగాను. "గదేనా పెద్దబాపూ?"

ఎదురింటి కాక కళ్లు తుడుచుకుని, "బరోబర్ జెప్పినవ్ బిడ్డా, గదే" అన్నాడు.

గడపలోంచి పెద్దమ్మ అంది, "నువ్వంటె లాభం లేదు. ఆయన అనాలె."

ఆమె చెప్పిందే కానూను. నిజం చెప్పాలంటే ఆయన మాటకు నా దగ్గర ఇంకా జవాబుంది. సాంచాలు తుక్కుకు పోతుంటే ఆ ఒంటరి చాటు ఎవరి కడుపు నింపుతుందని అడగాలి. అడిగితే ఆయన కళ్లజోడు సర్దుకుని, నా మాటను నాకంటే బాగా నాకే తిరిగి చెప్పేవాడు. నేను గదే అనేదాన్ని. ఈసారి అనేదాన్ని. ఇక ఆ జవాబు చెప్పే హక్కు నాకు ఎప్పటికీ రాదు.

"లైట్ ఆలీ!" అని కేక వినిపించింది. కరెంటు వచ్చింది. ఒక్కొక్కరే లోపలికి పోయారు. నేను అరుగు ముందే నిలబడ్డాను. ఎదురు కార్ఖానా తలుపు తీసి ఉంది. లోపల ఒకాయన సాంచాలో చెయ్యి పెట్టి, రెండో చెయ్యి పైకెత్తి సైగ చేశాడు. బటన్ దగ్గరున్న మనిషి అదే సైగ తిరిగి చేసి, వేలు బటన్ మీద పెట్టకుండా ఎదురుచూశాడు. లోపలివాడు తల ఊపాడు. సాంచా కదిలింది.