మొదటి పేపరు మేడం

మొదటి పీరియడ్‌కి ఇంకా టైముంది. గుడివాడలో మా కాలేజీ స్టాఫ్ రూము కిటికీ దగ్గర టీ తాగుతుండగా బందరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మా హిస్టరీ మేడం తమ్ముడు. "అక్కయ్య పోయిందమ్మా. తెల్లవారుజామున, నిద్రలోనే. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్తాం" అన్నారు. బయట రోడ్డు మీద చేపల లారీ ఒకటి నీళ్ళు కారుస్తూ వెళ్తోంది. అది వదిలిన తడి గీత ఎండకి ఆరిపోయేదాకా దానివంకే చూస్తూ ఉండిపోయాను. తర్వాత సెలవు పెట్టి బందరు పాసింజరెక్కాను.

ఆవిడ బందరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్. మొదటి సంవత్సరం పిల్లలకి చరిత్ర పరిచయం చేసే మొదటి పేపరు ఆవిడదే. మామూలుగా సీనియర్లు ఆ పేపరు ముట్టుకోరు, కొత్తగా చేరినవాళ్ళ నెత్తిన పెడతారు. ఆవిడ డిపార్ట్‌మెంటు హెడ్ అయ్యాక కూడా దాన్ని వదల్లేదు. ఎందుకండీ అని అడిగితే, "పై క్లాసులు ఎవరైనా చెప్తారమ్మా. వాకిట్లో నిలబడ్డవాళ్ళని లోపలికి రమ్మనడానికే ఒక మనిషుండాలి" అనేవారు.

మేం నిజంగా వాకిట్లో నిలబడ్డవాళ్ళమే. ఇంజినీరింగు సీటు రానివాళ్ళు, బీకాం నిండిపోతే ఇటు వచ్చినవాళ్ళు, ముదినేపల్లి నుంచి, పెడన నుంచి, మా దివిసీమ నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్ళు. చరిత్ర మీద ప్రేమతో చేరినవాళ్ళు మాలో ఒక్కరు కూడా లేరనుకుంటాను.

ఆ క్లాసు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉండేది. పైన ఫ్యాను నెమ్మదిగా తిరిగేది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ఒళ్ళంతా జిగటగా, కళ్ళు బరువుగా ఉండేవి. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. సుద్దముక్కని చేతిరుమాల్లో చుట్టి పట్టుకుని, కిటికీ పక్కన నిలబడి, మన బందరు రేవు గురించి చెప్పేవారు. ఇక్కడ నీళ్ళ లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక ఎక్కడో దూరంగా ఆగేవట. చిన్న పడవలు వెళ్ళి సరుకు మోసుకొచ్చేవట. ఎవరైనా తూగితే లేపేవారు కాదు. "నిద్రొస్తే రానివ్వండి. సగం నిద్రలో విన్నదే ఎక్కువ రోజులుంటుంది" అనేవారు. అది నిజమే. ఆ పేపర్లో చదివిన రాజవంశాలు నాకిప్పుడు వరసగా గుర్తు లేవు. ఆ దూరపు ఓడలు మాత్రం కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ మసకమసగ్గా ఊగుతూ కనిపిస్తాయి.

మేం ఏ విషయం చెప్పినా ఆవిడ అడిగేది ఒక్కటే: "అది మనకెలా తెలిసింది?" జవాబు రాక "తెలియదండీ" అని తలొంచుకుంటే సంతోషించేవారు. "తెలియదనడం కూడా జవాబే. తొందరపడి అక్కడ ఏదో ఒకటి పెట్టేయకండి" అనేవారు.

ఒకరోజు అందరినీ ఇంటి నుంచి ఏదైనా పాత వస్తువు తెమ్మన్నారు. మేం పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉన్నదై ఉండాలి. అందరూ చెంబులూ, కావడి బద్దలూ, తాళంకప్పలూ తెచ్చారు. నేను వట్టి చేతులతో వెళ్ళాను. మాది కోడూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డెబ్బై ఏడు ఉప్పెనకి ముందు వస్తువంటూ ఏదీ లేదని చెప్పాను. ఆవిడ క్లాసయ్యాక కనపడమన్నారు.

వరండాలో అడిగారు, వస్తువులు లేకపోతే పోనీ, ఆనాటి మనుషులెవరున్నారని. మా నాయనమ్మ ఉందని చెప్పాను. అప్పటికి పదేళ్ళవాడైన మా నాన్న ఉన్నాడని, నాన్నకో చెల్లెలు ఉండేదని, ఆ పిల్ల నీళ్ళలో పోయిందని చెప్పాను. నాయనమ్మ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడదు. చిన్నప్పుడు నేను అడిగితే లేచి గేదెల దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగొద్దని ఆ సాయంత్రం నాన్న గట్టిగా చెప్పాడు.

"అయితే అడగొద్దు. అడక్కుండా పక్కన కూర్చోవడం కూడా చరిత్ర చదివేవాళ్ళ పనే" అన్నారు మేడం. ఒక ఆదివారం మీ ఊరు రావచ్చా అని నన్ను అనుమతి అడిగారు.

వచ్చారు. కోడూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. నాయనమ్మ అరుగు మీద గోంగూర వలుస్తోంది. మేడం చెప్పులు విడిచి, పక్కన కూర్చుని, తనూ ఒక కట్ట అందుకున్నారు. ఇద్దరూ ఆకు గురించి, బందరులో కూరల ధరల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. అంతే. మళ్ళీ కొన్ని వారాలకి వచ్చారు, ఆ తర్వాత మళ్ళీ. నాయనమ్మ ఆవిణ్ణి పంతులమ్మగారూ అని పిలిచేది, ఆటో శబ్దం వినపడితే వీధిలోకి చూసేది. నాన్నకి మాత్రం భయంగానే ఉండేది. ఒకసారి ఆటో ఎక్కించడానికి వచ్చి, మా అమ్మని కదపొద్దండీ అని చేతులు జోడించాడు. నేను అడగనండీ అని ఆవిడ మాటిచ్చారు. ఆ మాట చివరిదాకా తప్పలేదు.

చలికాలంలో ఒక ఆదివారం. ఆకులు వలవడం అయిపోయింది. నాయనమ్మ చేతులు దులుపుకుని, తనంతట తనే, "పంతులమ్మగారూ, ఓసారి సముద్రం కాడికి వెళ్దామా? అబ్బాయిని కూడా రమ్మందాం" అంది. మా ఊరి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. అయినా ఉప్పెన తర్వాత నాయనమ్మ ఆ వైపు కన్నెత్తి చూడలేదు. నాన్న చొక్కా తొడుక్కున్నాడు. నలుగురం ఒకే ఆటోలో పాలకాయతిప్ప తీరానికి వెళ్ళాం.

ఆ రోజు సముద్రం చప్పుడు కూడా పెద్దగా లేదు. కృష్ణ వచ్చి కలిసే వైపు నీళ్ళు ఒక రంగులో, ఇటువైపు ఇంకో రంగులో ఉన్నాయి. మధ్యలో పొగలాంటి వెలుతురు. నాయనమ్మ తడి ఇసకలో నిలబడి, నీళ్ళవంకే చూస్తూ నాన్నతో అంది:

"నీ చేతిలోంచి జారిందనుకుంటున్నావు గదా అబ్బాయ్, ఇన్నేళ్ళూ?"

నాన్న తల దించుకుని తన అరచేతిలోకి చూసుకున్నాడు. చెల్లెలి ఒక చెయ్యి తను, ఇంకో చెయ్యి అమ్మ పట్టుకున్నారని, తన పట్టు వదిలిపోయిందని, అందుకే అమ్మ తనతో ఆ మాటెత్తదని నాన్న అనుకుంటూ వచ్చాడని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వొదిలాక కూడా అది నా చేతిలోనే ఉంది. నీళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు పోయింది. నా చేతిలోంచి. నీకు చెబుదామంటే నోరొచ్చేది కాదు."

నాన్న ఇసకలో కూలబడ్డాడు. నాయనమ్మ వంగి ఆయన తల మీద చెయ్యి వేసింది. తెల్లబడుతున్న జుట్టున్న మనిషి చిన్నపిల్లాడిలా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. నాకేం చేయాలో తోచక మేడం కోసం చూశాను. ఆవిడ అప్పటికే దూరంగా నడిచి వెళ్ళి, మావైపు వీపు పెట్టి, కొంగు తల మీదకి లాక్కుని నిలబడి ఉన్నారు.

సోమవారం నాడు, ఇదంతా రాసి ఇమ్మంటారా అని అడిగాను. "వద్దమ్మా. అది చరిత్రే, కానీ ముందు మీ ఇంటిది. మీ నాన్నగారు రాయమన్నప్పుడు రాయి" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో అత్తయ్య పేరు మామూలు మాటల్లోకి వచ్చింది. ఇది అత్తకి ఇష్టమైన కూర, ఇలాంటి వానలో అత్త గంతులేసేది, ఇలా. నాయనమ్మ పోయేదాకా తల్లీకొడుకులు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ పిల్ల గురించి చెప్పుకునేవారు. నేను చరిత్రలో ఎంఏ చేశాను. ఇప్పుడు గుడివాడలో మొదటి సంవత్సరం పిల్లలకి నేనూ ఆ పేపరే చెప్తున్నాను.

రిటైరయ్యాక మేడంకి చూపు బాగా తగ్గింది. నేను వెళ్తే మంచం పక్కన కూర్చోబెట్టుకుని కొత్త పిల్లల కబుర్లు అడిగేవారు. వింటూ వింటూ నిద్రలోకి జారేవారు, మళ్ళీ మెలకువ వచ్చి ఆపిన చోటి నుంచే అందుకునేవారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు, తనకి రోజూ క్లాసు కలలోకి వస్తోందన్నారు. అన్ని బ్యాచీలవాళ్ళూ ఒకే గదిలో ఉంటున్నారట, అయినా చోటు చాలుతోందట.

"నిన్న మీ నాయనమ్మ కూడా వచ్చింది" అన్నారు.

"ఏమందండీ?"

"ఏమీ అనలేదు. వెనక బెంచీలో కూర్చుని, ఆకులు వలుస్తూ వింది."

బందరులో దిగి వాళ్ళింటికి వెళ్ళేసరికి సందంతా మనుషులు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆవిణ్ణి చూశాను. తెల్లటి గుడ్డలో ముఖం చాలా చిన్నగా, నిశ్చింతగా ఉంది. జనాజా లేచినప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. మోసేవాళ్ళలో మా నాన్న కనిపించాడు. పొద్దున్న నేను ఫోను చేయగానే దివిసీమ నుంచి దొరికిన మొదటి బస్సెక్కి వచ్చేశాడు. అడిగి మరీ భుజం పట్టాడని తర్వాత మేడం తమ్ముడు చెప్పారు. నేను తిరిగి బయల్దేరుతుంటే నాన్న స్టేషను దాకా వచ్చి, "పంతులమ్మగారి గురించి రాయమ్మా. మన సంగతి కూడా రాయి" అన్నాడు.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెడన దాటుతుండగా కాలవగట్టు కనిపించింది. ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే ఉతికిన కలంకారీ బట్టని చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు. చాలా పొడుగు బట్ట. ఎర్రటి పూలు నీళ్ళు కారుతున్నాయి. పొద్దు వాలిన వెలుతురులో ఒకావిడ నిలబడి ఉంటే రెండో ఆవిడ కొస పట్టుకుని మెల్లగా ఆవిడ వైపు నడిచి వస్తోంది. ఇద్దరి చేతులూ కలిసేలోపే రైలు వంపు తిరిగింది.