గోతి లోతు

ఆ పదో తరగతి పిల్ల మెడలో, బట్టలు కుట్టే వాళ్లమ్మ పాత కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. బడిపిల్లలు పెట్టుకున్న వీధి సంఘానికి ఆమే పెద్ద. ఎవరైనా ఉపన్యాసం అందుకుంటే, "మాటలు తర్వాత, కొలతేదీ?" అంటుంది. బడి గేటు ముందు గోతిలో ఒకటో తరగతి పిల్లలిద్దరు పడ్డాక, నాలుగు అర్జీలు పెట్టి మున్సిపల్ ఇంజినీరును రప్పించింది. వాననీటితో నిండిన గోతిని చూసి ఆయన నవ్వాడు.

"జానెడు లోతుకే ఇంత రాద్ధాంతమా తల్లీ!"

"మూరెడు సార్, కొలిచాం."

"మీ కొలత నా కంటి అంచనా కంటే గొప్పదా!" అంటూ ఆయన దర్జాగా కాలు పెట్టి, మోకాలి దాకా దిగబడ్డాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మాత్రం వంగి, ప్యాంటు మీద తడి ఎంత దాకా ఉందో కొలిచి పుస్తకంలో రాసుకుంది.

"చెయ్యివ్వండమ్మా!"

"ఇస్తాం సార్. ఎప్పుడు పూడుస్తారు?"

"ఇవాళే తల్లీ, ఇవాళే!"

అందరూ కలిసి లాగారు. ఆయన వచ్చాడు గానీ, బూటు రాలేదు.