సారు రాసిన ఉత్తుత్తి ఆర్డరు

సారు పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. ఫోన్ చేసింది అక్కడ రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. "మన నంద్యాల సారు పొద్దున పోయినాడంట పాపా. గుండెనొప్పంట. బేగా పో," అని పెట్టేశాడు. నేనుండేది నంద్యాలలోనే. అయినా ముందు ఆయనకే తెలిసింది.

తొంభైల్లో నంద్యాలలో ఒక చిన్న గదిలో సారు కంప్యూటర్ నేర్పేవారు. నేను నేర్చుకోవడానికి వెళ్లి, అక్కడే పనికి కుదిరిపోయాను. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఆదివారం పొద్దున ఆయనకు చర్చి, మిగతా రోజులన్నీ మాకే. ప్రోగ్రాం సరిచూడటానికి మేము ఏబీసీడీ అని ఏదో కొట్టేస్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఉత్తుత్తిదైనా నిజం మాదిరుండల్ల. లేకుంటే తప్పు యాడుందో కనపడదు," అనేవారు. ఆ మాటే ఒకసారి ఆయన కొంప ముంచింది.

రెండు వేల తర్వాత, ఆళ్లగడ్డ శిల్పులకు ఇంటర్నెట్‌లో ఆర్డర్లు వచ్చేలా సారు ఒక వెబ్‌సైటు చేశారు. వచ్చిన ఆర్డరు డేటాబేసులో పడుతుంది. అక్కడి గుమాస్తా దాన్ని ప్రింటు తీసి శిల్పికి ఇస్తాడు. మేము పరీక్ష చేసిందీ, తర్వాత జనానికి తెరిచిందీ ఒకే డేటాబేసు. తెరిచే ముందు సారు తన ఉత్తుత్తి ఆర్డర్లన్నీ చెరిపేశారు. ఒకటి మిగిలిపోయింది: వెలుగోడుకు ఆరడుగుల ఆంజనేయస్వామి. అది మరీ నిజంలా ఉండటంతో గుమాస్తా ప్రింటు తీసి శిల్పికి ఇచ్చేశాడు.

సంగతి తెలిసి ఇద్దరం బస్సెక్కి వెళ్లేసరికి రాతిలో నుంచి స్వామి ముఖం, భుజాలు బయటికొచ్చేశాయి.

"ఎలుగోడోళ్లు ఇంగా రాలేదేంది సారూ?" అన్నాడు శిల్పి.

వాళ్లు వద్దన్నారని చెప్పేయండి సార్ అని నేను గొణిగాను. ఆయన నా వైపు చూడనైనా లేదు.

"ఎలుగోడోళ్లు లేరప్పా. కంప్యూటర్ పనిచేస్తాందా ల్యాదా అని చూసుకోనీకి నేనే రాసినా. తప్పు నాది."

శిల్పి స్వామి ముఖం మీది రాతిపొడి తుడిచాడు. "మొకం తెరిచినాక సగంలో ఇడిసిపెట్టకూడదు సారూ. మా ఇంటికి మంచిది కాదు."

"ఇడిసిపెట్టొద్దు. స్వామికి ఊరు నేను ఎతికిస్తా."

వెతికారు. ఆదివారం ప్రార్థన కాగానే బైబిలు ఇంట్లో పెట్టి, వెలుగోడు వైపు ఒక వారం, బండి ఆత్మకూరు వైపు ఒక వారం. జనం నవ్వారు. "చర్చి సారు ఆంజనేయుణ్ణి ఎంటేసుకోని తిరుగుతాండాడు," అన్నారు. చర్చిలో కొందరు మొహం చాటేశారు. సారు ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. చివరికి బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లె ఒప్పుకుంది. ప్రతిష్ఠ నాడు సారు జనం వెనక నిలబడి, అన్నం తిని వచ్చారు. ఆ మనిషి మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత ఏ పనికైనా రెండు డేటాబేసులు పెట్టేవారు. ఆడుకోవడానికి ఒకటి, జనానికి ఒకటి. రెండోదాని పాస్‌వర్డు మాకు ఇచ్చేవారు కాదు. జనానికి తెరిచే ముందు అది ఖాళీగా ఉందని మమ్మల్నందరినీ పిలిచి చూపించేవారు. చెడిపోతే ఉంటుందని దాచిన నకలుతో డేటాబేసును మళ్లీ నిలబెట్టి చూస్తేగానీ ఇంటికి పోయేవారు కాదు. విసుక్కుంటే ఒకటే మాట: "అవతల ఒక మనిషి ఉంటాడు పాపా. మనం రాసింది నమ్మి పని మొదులుపెడతాడు."

సమాధి రాయి ఆ శిల్పే తెచ్చాడు. ఎవరూ అడగలేదు. నల్లరాతి మీద సారు పేరు సుద్దముక్కతో రాసి, సారు భార్య, మా మేడమ్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఒకసారి సూడమ్మా, సరిగ్గా ఉందా? నువ్వు ఊ అంటే ఉలి పెడతా."

ఆమె ఆ పేరు చదువుకుంది. మళ్లీ చదువుకుంది. ఊ అనలేదు. శిల్పి తొందరపెట్టలేదు. ఉలి, సుత్తి ఒళ్లో పెట్టుకొని, రాతి పక్కన అట్లే కూర్చున్నాడు.