ఆయన తాగి రాలేదు

బెల్లంపల్లి బొగ్గుగనిలో నేను సర్దార్‌గా ఉన్నప్పుడు, కప్పుకు దుంగలు ఆనించే ఒక కార్మికుడు నా కింద పనిచేసేవాడు. ఒకసారి పక్కనే కప్పు కూలితే బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి గనిలోకి దిగేముందు రోజూ ఎడమ మణికట్టు పట్టుకుని పది దాకా లెక్కపెట్టేవాడు.

"ముహూర్తం చూస్తున్నవా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"జర ఆగుండ్రి సర్దార్ సాబ్. దడదడ అయితాంది. దవాఖానల గుండె మంచిగనే ఉందన్నరు. పది లెక్కపెడితే చేతులు వణకుడు ఆగుతది."

ఒకరోజు పది దాటినా వణుకు ఆగలేదు. షిఫ్టు ఆలస్యమవుతోందన్న చిరాకులో 'తాగి వచ్చాడు' అని రిపోర్టు రాశాను.

"తాగలే సాబ్! కావాల్నంటె వాసన చూడుండ్రి" అంటూ నోరు తెరిచి నా ముఖం దగ్గరికి వచ్చాడు.

విచారణలో నా మాటే నిలిచింది. ఆయన ఉద్యోగం పోయింది. ఇన్నేళ్లయినా మా కాలనీలో ఆయన్ని తాగుబోతనే అంటారు. నేను కాదంటే, "నువ్వే గదనే రాసింది!" అని నవ్వుతారు. ఒళ్లు మండిపోతుంది. ఆ కోపం ఎవరి మీద చూపను?

ఆ రోజు నేను వాసన చూడలేదు, ముఖం తిప్పుకున్నాను. చూస్తే రాసింది కొట్టేయాల్సి వస్తుందని నాకు అప్పుడే తెలుసు.