ఐదు దాకా లెక్కపెట్టే బ్రేకు

మోటరును తిప్పడం ఎవడైనా తిప్పుతాడు, ఆపడం మాత్రం ఈ రెండు జిల్లాల్లో నాకొక్కడికే వచ్చు అని ఎనభైల చివర్లో కరీంనగర్ బస్టాండు నుంచి నిర్మల్ బస్టాండు దాకా చెప్పుకుంటూ తిరిగాను. అడిగినవాళ్లకూ చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను. అప్పటికి నాది కరీంనగర్‌లో మోటరు వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటర్లలోంచి పాత రాగితీగ పీకి కొత్తది చుట్టడం నా పని. అందులో గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. మా బాపు నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "వీడు తీగలు చుడుతడు" అని ముగించేవాడు.

అలాంటి నన్ను ఒక చిన్న కంపెనీ వాళ్లు హైదరాబాద్ పిలిచి, మూడు రోజులు కూర్చోబెట్టి, తాము తయారుచేసే ఎలక్ట్రానిక్ బ్రేకును అమ్మడం, బిగించడం నేర్పారు. చూడ్డానికి టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్ద ఇనుప పెట్టె. పెద్ద మోటరుకు స్విచ్ తీసేసినా వెంటనే ఆగదు, ఊపు చచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఈ పెట్టె ఏం చేస్తుందంటే, స్విచ్ తీయగానే లైన్లో ఉన్న కరెంటునే డీసీగా మార్చి మోటరు చుట్టల్లోకి పంపుతుంది. తిప్పే కరెంటు పోయి పట్టుకునే కరెంటు వస్తుంది. రెండు నిమిషాలు తిరగాల్సిన మోటరు నాలుగు సెకన్లలో నిలబడిపోతుంది. ఎక్కడా రుద్దుకునేది లేదు, అరిగేది లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతే, పక్కన కూర్చున్న గుంటూరాయన మూసుకోమని సైగ చేశాడు.

చివరి రోజు నేర్పే సారు ఇంకో మాట చెప్పాడు. కరెంటు ఉంటేనే ఈ బ్రేకు పట్టుకుంటుంది, కరెంటు పోతే ఇది ఉత్త డబ్బా, ఈ సంగతి మిషన్ మీద పనిచేసేవాళ్లకు తప్పకుండా చెప్పాలి అన్నాడు. కాగితం మీద అదే ముక్క ఇంగ్లీషులో చూపించాడు కూడా. నేను బుద్ధిగా తలూపాను. తిరిగొచ్చే బస్సులో ఆలోచించాను. మా దగ్గర కరెంటు చెప్పి వచ్చేది కాదు, చెప్పి పోయేదీ కాదు. అలాంటి చోట, కరెంటు పోతే పనిచేయని బ్రేకు అంటే కొనేవాడెవడు? సిద్దిపేట దాటేసరికి ఆ ఒక్క ముక్క మర్చిపోదామని తీర్మానించుకున్నాను.

మొదటి బేరం మెట్‌పల్లిలో తగిలింది. అదొక సా మిల్లు. ఆదిలాబాద్ వైపు నుంచి టేకు దుంగలు లారీల్లో వచ్చి అక్కడ పలకలయ్యేవి. యజమాని భూములున్న పటేలు. సేద్యం విసుగొచ్చి మిల్లు పెట్టాడు, మిల్లు కూడా విసుగొస్తే ఇంకేం పెడతాడో అని ఊళ్లో వాళ్లకు అప్పుడే కుతూహలంగా ఉండేది. బల్ల మధ్యలో గుండ్రటి రంపం, సగం పైకి, సగం కిందికి. పదిహేను హార్స్‌పవర్ మోటరు దాన్ని తిప్పేది. బల్ల కింద బెరడు పీచులు ఇరుక్కుపోతాయి కాబట్టి గంటకోసారి ఆపి, కిందికి చెయ్యి పెట్టి లాగేయాలి. ఆ పని కోత మేస్త్రిది.

ఆ మేస్త్రి గురించి చెప్పాలి. నాకంటే పెద్దవాడు, మిషన్ చర్చికి చెందిన కుటుంబం. రంపం మీద ఇరవై ఏళ్లు పనిచేసి పది వేళ్లూ మిగుల్చుకున్నవాణ్ని నేను అతన్నొక్కణ్నే చూశాను. దాని వెనక పెద్ద విద్యేమీ లేదు, బీడీ. ఎర్ర బటన్ నొక్కి, బయటికొచ్చి బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయేసరికి రంపం ఆగేది. అప్పుడు తాపీగా వెళ్లి చెయ్యి పెట్టేవాడు. పాస్టరయ్య మానమని ఎన్నిసార్లు చెప్పినా, "ఇది బీడీ గాదయ్యా, నా గడియారం" అనేవాడట.

పటేలుకు ఆ బీడీ కంట్లో నలుసైంది. నేను వేళ్లు తెగడం గురించి, ప్రాణాల విలువ గురించి గొంతు బొంగురుపోయేలా చెప్తుంటే ఆవులించాడు. రెండు నిమిషాల పని నాలుగు సెకన్లలో అయిపోతుందన్నాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే వాడు బీడీ ముట్టియ్యంగనే రంపం ఆగుతదా?" అని అడిగాడు.

"అగ్గిపుల్ల గీకేలోపలనే ఆగుతది పటేలా" అన్నాను. బేరం కుదిరిపోయింది.

ఆదివారం మిల్లు బందు కాబట్టి ఆ రోజే బిగించాను. మేస్త్రి చర్చికి పోయాడు. మోటరుకు కరెంటిచ్చే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టరు, బ్రేకుకిచ్చే కాంటాక్టరు రెండూ ఒకేసారి పడకుండా చూసుకోవాలి, లేకపోతే పెట్టె కాలిపోతుంది. అక్కడిదాకా ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశాను. పెట్టె మీద రెండు నాబులుంటాయి, ఎంత గట్టిగా పట్టుకోవాలో ఒకటి, ఎంతసేపు పట్టుకోవాలో ఒకటి. పటేలు ముందు గొప్ప కోసం మొదటిదాన్ని చివరిదాకా తిప్పేశాను. పటేలు బటన్ నొక్కాడో లేదో మోటరు ఠక్కున నిలబడింది, బెల్టు మాత్రం నిలబడనంది. పుల్లీ మీంచి ఊడొచ్చి చాయ్ గ్లాసులను ఎగరగొట్టింది. ఇస్త్రీ ధోవతి మీద చాయ్ కారుతుంటే పటేలు, "మంచిగనే ఆగింది" అన్నాడు. నాబు తగ్గించి, నాలుగు సెకన్లకు మెత్తగా ఆగేలా చేశాను.

"ఇంకేమన్న చెప్పేదున్నదా?" అని అడిగాడు పటేలు.

"ఏం లేదు పటేలా. ఇంట్ల ఫ్యాన్ బందువెట్టినట్టే" అన్నాను.

సోమవారం పొద్దున మేస్త్రికి చూపించాను. నొక్కాడు, రంపం ఆగింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆగింది. బల్ల కిందికి వంగి అంతా వెతికాడు.

"గిది దేనితోని పట్టుకుంటుంది సార్? కింద ఏం కనవడతలేదు."

"కరెంటు పట్టుకుంటది అన్నా."

"కనవడనిదాన్ని నమ్మి చెయ్యి వెట్టుమంటవ్."

"నువ్వు ప్రతి ఆదివారం కనవడనాయన్నే నమ్ముతున్నవ్ గదా" అన్నాను. గట్టిగా నవ్వాడు. నేను కూడా నవ్వాను, చాలా తెలివైన మాట అన్నాననుకుని.

వాచీ చూసి చెయ్యి పెట్టడం కుదరదు కాబట్టి లెక్క నేర్పాను. ఎర్ర బటన్ నొక్కు, నిమ్మళంగా ఐదు దాకా లెక్కపెట్టు, చెయ్యి పెట్టు. "బడికి పోనోనితోని లెక్కలు చేపిస్తున్నవ్" అని గునిశాడు గానీ, ఆ పూటంతా పెదాలు కదుపుతూ సాధన చేశాడు. పాస్టరయ్య మాన్పించలేని బీడీని నేను ఒక్క పూటలో మాన్పించాను. ఆ మాట కూడా పది మందికి చెప్పుకున్నాను.

పటేలుకు అదొక తమాషా అయిపోయింది. చుట్టాలు ధర్మపురి పోతూ దారిలో దిగితే, ముందు మిల్లుకు తీసుకుపోయి బ్రేకు దర్శనం చేయించి పంపేవాడు. అలా ఒక రోజు తిప్పి ఆపి, తిప్పి ఆపి మోటరును సలసలా కాగేట్టు చేశాడు. ఆ చుట్టాల్లో ఒకాయన జమ్మికుంటలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో రెండు పెట్టించుకున్నాడు. మంచిర్యాలలో ఇంకొకటి బిగించాను. కరెంటు పోతే పట్టదన్న ముక్క ఎక్కడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా, అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని.

రెండు నెలలు తిరక్కుండానే మెట్‌పల్లి నుంచి కబురొచ్చింది. మేస్త్రి చెయ్యి రంపంలో పడిందని. బస్సులో కూర్చున్నంతసేపు నాబు కదిలి ఉంటుంది, వైరు ఊడి ఉంటుంది అని నాకు పనికొచ్చే కారణాలన్నీ వెతుక్కున్నాను. దవాఖానలో మంచం మీద కుడిచేతికి కట్టుతో ఉన్నాడు. చిటికెన వేలు పోయింది, దాని పక్క వేలు సగం పోయింది. నన్ను చూసి లేవబోయాడు.

"తప్పు నాదే సార్. ఐదు లెక్కవెట్టిన్ననే అనుకున్న. నడుమల ఎక్కడ్నో ఒకటి మింగిన."

పక్కన పటేలు నిలబడి ఉన్నాడు. "నీ బ్రేకుది ఏం తప్పులేదు" అని నాకు ధైర్యం చెప్పాడు. "ఇంకా నయం, వీడు బటన్ నొక్కంగనే కరెంటు పోయింది. పోవుడే మంచిదయింది. లేకుంటే చెయ్యంత పోతుండె."

కరెంటు పోయింది, బ్రేకు చచ్చింది, రంపం పాత అలవాటు ప్రకారం తిరుగుతూనే ఉంది. పక్కనే డీజిల్ ఇంజన్ మీద నడిచే పిండి గిర్ని రొదలో అతనికి ఏదీ వినిపించలేదు. కిందికి వంగితే బల్ల పైనున్న సగం కనిపించదు, చీకట్లో కింది సగమూ కనిపించదు. ఐదు దాకా లెక్కపెట్టాడు, నేను చెప్పినట్టే చెయ్యి పెట్టాడు. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెచ్చిన బత్తాయిలు మంచం మీద పెట్టి, "జర జాగ్రత్తగ ఉండాలె గదా అన్నా" అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే.

వరండాలోకి వచ్చాక పటేలు గొంతు తగ్గించాడు. "మంచోడే. గని ఐదు దాకా లెక్క రానోన్ని మిషన్ మీద ఎట్ల వెట్టుకుంట? కొత్తోన్ని సూస్తున్న." నేను దానికీ తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఎనిమిది రోజులు దుకాణంలో ఏ తీగ చుట్టినా చుట్టు లెక్క తప్పింది. తొమ్మిదో రోజు బాపు, "ఏమైందిరా, మొకం గట్ల వెట్టినవ్" అంటే, ఏమీ చెప్పకుండా మెట్‌పల్లి బస్సెక్కాను. మేస్త్రి ఇల్లు చర్చి వెనక సందులో. కొట్టినా తిట్టినా తలదించుకుని నిలబడాలని దారిపొడుగునా నన్ను నేను సిద్ధం చేసుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు.

వాకిట్లోకి వచ్చేసరికి లోపలి నుంచి అతని గొంతు వినిపించింది. "ఒకటి... రెండు... మూడు..." తొంగి చూశాను. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని లెక్కపెడుతున్నాడు. ఎదురుగా అతని భార్య పాస్టరయ్య దగ్గర అడిగి తెచ్చిన చేతివాచీ పట్టుకుని కూర్చుంది.

"ముల్లు ఐదు గీతల మీద ఇంకొకటి నడిచింది" అందామె.

"మల్ల సూడు" అన్నాడు అతను. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "మిషన్ కాడ ఎట్ల తప్పిన్నో సమజైతలేదు సార్. ఇంట్ల అయితే తప్పుతలేను. పటేలు కాడికి వోయి లెక్క అప్పజెప్త. అప్పుడన్న వెట్టుకుంటడేమో."

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. "అన్నా, నువ్వు తప్పలే. కరెంటు పోతే ఆ బ్రేకు పట్టది. గది నాకు ముందుగాలనే ఎర్క. చెప్తే పటేలు కొనడని చెప్పలే."

ఆమె వాచీని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు నాకు రావలసిందే. అతను మాత్రం నేను చెప్పింది లోపల ఎక్కడెక్కడో పెట్టి చూసుకుంటున్నాడు. తర్వాత ముఖం ఒక్కసారిగా విప్పారింది, భార్య వైపు తిరిగాడు.

"ఇన్నవా? సరిగ్గనే లెక్కవెట్టిన. నేను చెప్తనే ఉన్న, నువ్వే నమ్మలే."

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి ఇచ్చినా తీసుకుని ఇంటికి పోయేవాణ్ని. అతను కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకుని లేచి నా దగ్గరకు వచ్చాడు.

"గీ ముక్క పటేలుకు గూడ చెప్తవా సార్?" అని బతిమాలుతున్నట్టు అడిగాడు.